ఒడిలో పట్టే బేస్ గిటార్: భజనకి సరిపోయేది ఎలా ఎంచుకోవాలి?



పోయిన శనివారం వీడియోలో మా కల్లూరు రాముల గుడి భజన చూశారు కదా. హార్మోనియం పెద్దాయన పక్కన నా ఒడిలో ఉన్నది ఏంటని చాలామంది అడిగారు. యుకులేలేనా అని కొందరు, అంత చిన్న పెట్టెలోంచి అంత లోతైన నాదం ఎలా వస్తుందని ఇంకొందరు. అది యుకులేలే కాదు, బేస్ గిటార్. నాలుగే తీగలు. లోపల పికప్ ఉంటుంది కాబట్టి వైరు పెట్టి స్పీకర్లో వినొచ్చు, వైరు లేకుండా కూడా కొంచెం పలుకుతుంది. ఇలాంటివాటిని అకౌస్టిక్-ఎలక్ట్రిక్ బేస్ అంటారు. మీ అపార్ట్‌మెంట్‌లోనో, ఆఫీసు ఫ్రెండ్స్‌తోనో భజన మొదలుపెట్టి ఇలాంటిది కొనాలనుకుంటుంటే, డబ్బులు పెట్టకముందు ఈ పోస్ట్ చదవండి. ఎందుకంటే నేను మొదట తప్పు బేస్ కొన్నా.

మొదటి తప్పు

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన రెండో ఏడు. ఒక షాపులో ఫుల్ సైజు అకౌస్టిక్ బేస్ చూసి మనసు పడ్డా. నిలబడి, బెల్టు వేసుకుని, షాపువాళ్ల ఆంప్‌లో వాయిస్తే ఛాతీ దడదడలాడింది. ఇంకేం ఆలోచించలేదు. శుక్రవారం రాత్రి కర్నూలు బస్సెక్కా. అది డిక్కీలో పట్టలేదు, నాలుగైదు గంటలు నా కాళ్ల మధ్యే ప్రయాణం చేసింది.

శనివారం సాయంత్రం గుడికి తీసుకెళ్లా. మా భజనలో అందరూ చాప మీద బాసింపట్టు వేసుకుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటారు. ఆ బేస్ మొత్తం పొడవు నాలుగడుగులకి దగ్గర. ఒడిలో పెట్టుకుంటే దాని మెడ ఎడమ పక్కన డోలక్ వాయించే చిన్నాయన చెవి దాకా వెళ్లింది. ఆయన ఒకసారి తల పక్కకి జరుపుకుని అన్నాడు: "ఏమిరా అబ్బీ, ఇది వాయించేదానికా, మనుషులను పొడిచేదానికా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వా. కానీ ఆ రోజు ఇంకోటి కూడా జరిగింది. వైరు పెట్టుకునే వీలు లేక ఉత్తగా వాయించా. డోలక్, తాళాలు, చిడతలు మొదలవగానే నా బేస్ నాకే వినపడలేదు. అంత పెద్ద పెట్టె, అంత డబ్బు, చుక్క నాదం లేదు. మళ్లీ హైదరాబాద్ తీసుకెళ్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోమన్నారు. సగం ధరకి ఎవరికో అమ్మేశా.

తప్పు ఆ బేస్‌ది కాదు. నేను దాన్ని నిలబడి ఎంచుకున్నా, వాయించాల్సింది కూర్చుని. మొదటి పాఠం అక్కడే మొదలైంది.

అసలు భజనలో బేస్ ఎందుకు?

సైజుల గురించి మాట్లాడేముందు ఇది తేల్చుకోవాలి. పని ఏంటో తెలియకుండా పరికరం ఎంచుకుంటే నాలాగే అవుతుంది.

మా గుంపులో హార్మోనియం వాయించే పెద్దాయనకి డెబ్బై దాటాయి. నా చిన్నప్పటి నుంచి భజన ఎత్తుకునేది ఆయనే. ఏకాహం జరిగితే తెల్లవారుజాము మూడు గంటలకి కూడా ఆయన గొంతు నిలబడి ఉండేది. రెండేళ్ల కింద ఆయన శ్రుతి తప్పడం మొదలైంది. కొంచెం కొంచెంగా. ముందు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఆయన గమనించాడు. ఒక శనివారం హార్మోనియం ఇంకొకరి ముందుకి జరిపి, వెనక వరసలో తాళాలు పట్టుకుని కూర్చున్నాడు. ఎందుకని అడిగితే "గొంతు బాగలేదప్పా" అన్నాడు. గొంతు బాగానే ఉంది. వినికిడి తగ్గింది.

మేము శ్రుతి కోసం ఫోన్లో తంబూర యాప్ పెట్టేవాళ్లం. అది ఆయనకి వినపడేది కాదు. దీనికి కారణం ఉంది. వయసుతో వచ్చే వినికిడి లోపం మామూలుగా పై స్వరాల వైపు నుంచి మొదలవుతుంది, సన్నని శబ్దాలు ముందు పోతాయి. ఫోన్ స్పీకర్ చూస్తే సరిగ్గా దానికి ఎదురు: కింది స్వరాలు పలికించలేదు, సన్నటి పై భాగం మాత్రమే వదులుతుంది. అంటే ఆయన చెవి ఏది పోగొట్టుకుందో మా ఫోన్ అదే వినిపిస్తోంది. దీనికి తోడు పక్కనే తాళాల గలగల.

నిజమైన తంబూర అయితే వేరు. దానికి నాలుగు తీగలు: మంద్ర పంచమం, రెండు షడ్జమాలు, చివర్లో మంద్ర షడ్జమం. ఆ చివరి తీగ మోగినప్పుడు పాడేవాడికి కాళ్ల కింద నేల ఉన్నట్టుంటుంది. భజనలో బేస్ పని సరిగ్గా ఆ నేల ఇవ్వడం. సినిమా పాటలో లాగా పరుగులు పెట్టడానికి కాదు. సా, పా, మళ్లీ సా. ఆది తాళంలో అయితే నేను సమం మీద సా, ఐదో దెబ్బ మీద పా వాయిస్తా. శ్లోకం చదివేటప్పుడు చెయ్యి తీసేస్తా. మీ రాగంలో పంచమం లేకపోతే, ఉదాహరణకి హిందోళం, పా ముట్టుకోకండి. సా, మా మీద ఉండండి.

సైజు అంటే స్కేల్ పొడవు

బేస్‌లో సైజు చెప్పేటప్పుడు ముఖ్యంగా చూసేది స్కేల్ పొడవు. అంటే పైన నట్ దగ్గర నుంచి కింద శాడిల్ దాకా తీగ మోగే భాగం. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి అది 34 అంగుళాలు, ఇప్పటికీ ఫుల్ సైజు అంటే అదే. షార్ట్ స్కేల్ అంటే మామూలుగా 30 అంగుళాలు. మనం మాట్లాడే చిన్నవి ఇంకా కిందకి దిగుతాయి. టేలర్ కంపెనీ జీఎస్ మినీ-ఈ బేస్ 23.5 అంగుళాలు. కాలా కంపెనీ యు-బేస్ దాదాపు 20, 21 అంగుళాలు, చూడ్డానికి బారిటోన్ యుకులేలే అంత ఉంటుంది. వీడియోలో మీరు చూసింది ఈ రెండో తరహా.

చేతికి ఇది ఎలా తెలుస్తుందంటే, మొదటి ఫ్రెట్ దూరం లెక్క వేసి చూడండి. 34 అంగుళాల బేస్‌లో నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి దాదాపు 4.8 సెంటీమీటర్లు. 23.5 అంగుళాల దాంట్లో 3.3. 21 అంగుళాల దాంట్లో 3 మాత్రమే. ఫ్రెట్ అంటే వీణ మెట్టు లాంటిదే అనుకోండి. చిన్న చేతులున్నవాళ్లకి, గంటన్నర ఆపకుండా వాయించాల్సినవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది.

మరి తీగ పొట్టిదైతే అంత కింది స్వరం ఎలా వస్తుంది? ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. తీగ పొడవు తగ్గితే స్వరం పైకి పోతుంది. దాన్ని కిందికి దించాలంటే తీగని వదులు చెయ్యాలి, లేదా బరువు పెంచాలి. 34 నుంచి 21కి వస్తే పొడవు 1.6 రెట్లు తగ్గింది. అదే బిగుతుతో అదే స్వరం రావాలంటే తీగ బరువు 2.6 రెట్లు కావాలి. అందుకే యు-బేస్ తరహా వాటికి పాలీయురేతేన్ తీగలు వేస్తారు, లావుగా, మెత్తగా, పట్టుకుంటే రబ్బరులా ఉంటాయి. బిగుతు చాలా తక్కువ. మీటితే నిలువు డబుల్ బేస్ లాగా గుండ్రంగా "దుమ్" అంటుంది. టేలర్ మినీకి వేరే దారి, నైలాన్ లోపల పెట్టి పైన లోహం చుట్టిన తీగలు.

రబ్బరు తీగలతో మూడు సంగతులు ముందే తెలుసుకోండి. ఒకటి, కొత్తవి వేసిన రోజుల్లో సాగుతూనే ఉంటాయి. ఒక పాట శ్రుతి చేసి వాయిస్తే రెండో పాటకి దిగిపోతాయి. వారం పది రోజులు ఓపిక పట్టాలి, కాబట్టి శుక్రవారం తీగలు మార్చి శనివారం భజనకి రాకండి. రెండు, వేళ్లకి అతుక్కుంటాయి. చేతికి కొంచెం టాల్కమ్ పౌడర్ రాసుకుంటే జారతాయి. మా అమ్మ నన్ను చూసి "గుడికి పోతున్నావా, క్యారమ్స్‌కి పోతున్నావా" అంటుంది. మూడు, వాటి స్థానంలో ఏ తీగలంటే ఆ తీగలు వెయ్యకూడదు. మామూలు స్టీల్ తీగల బిగుతుకి ఆ చిన్న చెక్క తయారు చెయ్యలేదు. కంపెనీ చెప్పినవే వెయ్యండి.

మా చెల్లి చేతికి యు-బేస్ బాగా కుదిరింది. నా స్నేహితుడొకడికి పొడుగు వేళ్లు, వాడికి 3 సెంటీమీటర్ల ఫ్రెట్‌లో వేళ్లు ఇరుక్కుంటాయి. వాడు 23.5 వైపు వెళ్లాడు. ఇందులో గొప్ప, తక్కువ లేదు. కాకపోతే స్కేల్ తగ్గేకొద్దీ వేలు ఒక మిల్లీమీటరు జరిగినా శ్రుతి మీద ప్రభావం ఎక్కువ. అందుకని మొదటిసారి కొనేవాళ్లు ఫ్రెట్లు ఉన్నదే తీసుకోండి. గమకం కోసం ఫ్రెట్లు లేనిది కావాలని నాకూ ఆశే. కానీ మన పని పాడేవాళ్లకి శ్రుతి చూపించడం. మనమే వెతుక్కుంటూ ఉంటే ఎట్లా?

కొనే ముందు మీ శ్రుతి తెలుసుకోండి

రివ్యూల్లో ఎవరూ చెప్పని విషయం ఇది. ఎందుకంటే ఆ రివ్యూలు చేసేవాళ్లు భజనలో కూర్చోరు.

నాలుగు తీగల బేస్‌ని కింది నుంచి ఈ, ఏ, డి, జి కి శ్రుతి చేస్తారు. హెర్ట్జ్‌లలో దాదాపు 41, 55, 73, 98. మన లెక్కలో సి అంటే ఒకటి శ్రుతి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, జి ఐదు, జి షార్ప్ ఐదున్నర. మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు మధ్య పాడతారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నర దగ్గర.

మీ గుంపు రెండు శ్రుతిలో పాడితే మీ అదృష్టం. డి తీగ ఉత్తగా మీటితే సా, ఏ తీగ ఉత్తగా మీటితే కింది పా. ఎడమ చేతికి పనే లేదు. ఐదు శ్రుతి అయితే జి తీగ సా, డి తీగ పా. మా పెద్దాయనది ఒకటిన్నర. అప్పుడు ఏ తీగ నాలుగో ఫ్రెట్ మీద సా, ఈ తీగ నాలుగో ఫ్రెట్ మీద కింది పా. గమనించారా, ఏ శ్రుతి అయినా సా ఉన్న ఫ్రెట్ మీదే, దాని కింది తీగలో పా దొరుకుతుంది. ఈ ఒక్క సూత్రంతో మీరు మొదటి నెల గడిపెయ్యొచ్చు.

దీనికీ కొనడానికీ సంబంధం ఏంటంటే, చిన్న బేస్‌లలో అన్ని స్వరాలూ ఒకే బలంతో పలకవు. ముఖ్యంగా ఈ తీగ మీద కొన్ని స్వరాలు గట్టిగా మోగుతాయి, కొన్ని చచ్చిపోయినట్టుంటాయి. ఒకే మోడల్‌లో రెండు పీసుల మధ్య కూడా తేడా వస్తుంది. షాపులో కుర్రాడు మీకు ఏదో స్లాప్ కొట్టి చూపిస్తాడు. చూసి చప్పట్లు కొట్టి, బేస్ తీసుకుని, కింద కూర్చోండి. సిగ్గుపడకండి, నిజంగా కింద కూర్చోండి. ఫోన్లో తంబూర యాప్ మీ శ్రుతిలో పెట్టి చెవికి ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. మీ సా, మీ పా, రెండే రెండు స్వరాలు అయిదు నిమిషాలు వాయించండి. రెండూ సమానంగా మోగుతున్నాయా? తంబూరతో కలిసినప్పుడు అలలు అలలుగా కొట్టుకుంటోందా, నిలకడగా ఉందా? తర్వాత ఒక ఫ్రెట్ కిందికి, ఒక ఫ్రెట్ పైకి జరిగి అదే చెయ్యండి. గొంతులు ఎప్పుడూ ఒకేచోట ఉండవు కదా.

ఇంకో పరీక్ష. పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం, అదే ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే అవ్వాలి. ట్యూనర్‌లో చూసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే పైకి వెళ్లేకొద్దీ శ్రుతి తప్పుతుంది.

ఆన్‌లైన్ వీడియోలు చూసి కొనేవాళ్లకి ఒక మాట. ఫోన్ స్పీకర్‌లో బేస్ డెమో చూడటం అంటే ఫోటో చూసి బిర్యానీ రుచి చెప్పడమే. 41 హెర్ట్జ్ మీ ఫోన్ అసలు పలికించదు, దాని పై హార్మోనిక్స్ విని మీ మెదడే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. కనీసం మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.

వైరు, హారన్, కరెంటు

41 హెర్ట్జ్ శబ్దం గాలిలో ఒక అల పొడవు ఎనిమిది మీటర్ల పైనే. దాన్ని ఒడిలో పట్టే పెట్టె గట్టిగా బయటికి నెట్టలేదు. నా మొదటి పెద్ద బేసే డోలక్ ముందు నిలబడలేదు, చిన్నది ఏం నిలబడుతుంది? కాబట్టి "అకౌస్టిక్" అన్న మాట నమ్ముకోకండి. ఇంట్లో పూజగదిలో ఒకరిద్దరు కూర్చుంటే వైరు లేకుండా సరిపోతుంది. తాళాలు వచ్చాయంటే పికప్ తప్పనిసరి.

ఈ చిన్నవాటిలో ఎక్కువగా శాడిల్ కింద పీజో పికప్ ఉంటుంది. పీజో సిగ్నల్‌ని సరిగ్గా తీసుకోవాలంటే ప్రీఆంప్ కావాలి. లోపల ప్రీఆంప్ ఉన్నదే తీసుకోండి. లేనిదాన్ని తీసుకెళ్లి నేరుగా మిక్సర్‌లో గుచ్చితే కింది స్వరాలన్నీ పోయి డబ్బా కొట్టినట్టు వస్తుంది. చాలావాటికి బ్యాటరీ ఉంటుంది. వైరు గుచ్చి ఉన్నంతసేపు అది ఖర్చవుతూనే ఉంటుంది, మీరు వాయించకపోయినా. ప్రసాదం తినేటప్పుడు వైరు పీకెయ్యండి. నేను రెండుసార్లు మర్చిపోయి, రెండుసార్లూ మంగళహారతికి బేస్ మూగబోయింది.

మన ఊళ్లలో ఇంకో చిక్కు, గుడి మైక్ సెట్. స్తంభానికి కట్టిన హారన్ స్పీకర్‌లో మాట స్పష్టంగా వినపడుతుంది, బేస్ మాత్రం వినపడదు. అది దాని పని కాదు. నేను మొదట మైక్ సెట్ ఆయన్ని బతిమాలి అందులో కలిపించా. బయట వీధి చివర నిలబడి విన్న మా నాయన "నువ్వు వాయించినావా ఈరోజు?" అని అడిగాడు. ఇప్పుడు ఒక చిన్న కీబోర్డ్ ఆంప్, పది అంగుళాల స్పీకర్‌ది, నేల మీద పెట్టుకుంటా. బేస్ ఊరంతా వినపడక్కర్లేదు, పాడేవాళ్లకి వినపడితే చాలు. చిన్న గిటార్ ఆంప్ ఉంటే నెమ్మదిగా వాడుకోవచ్చు, గట్టిగా పెడితే దాని స్పీకర్ బేస్ దెబ్బలు తట్టుకోదు. ఏకాహాలకి వెళ్లేవాళ్లు బ్యాటరీతో నడిచేది చూసుకోండి. కరెంటు ఎప్పుడు పోతుందో మీకు తెలియదు, భజన మాత్రం ఆగకూడదు.

రాయలసీమ ఎండలో చెక్క

బెంగళూరు, విశాఖపట్నంలో ఉండేవాళ్లకి ఇది అంతగా పట్టకపోవచ్చు. కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు మాత్రం జాగ్రత్తగా చదవండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నలభై డిగ్రీలు దాటడం మామూలే, దానికి తోడు గాలిలో తేమ ఉండదు. గిటార్ తయారీదారులు సాధారణంగా 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమంటారు. తేమ బాగా తగ్గితే చెక్క కుదించుకుపోతుంది. ఫ్రెట్ల చివరలు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. అది మొదటి సూచన. దాన్ని పట్టించుకోకపోతే పై చెక్క పగులుతుంది.

షాపులో "సాలిడ్ టాప్" అంటే ఎక్కువ ధర, "లామినేట్" అంటే తక్కువ. సాలిడ్ అంటే ఒకే చెక్క పలక. లామినేట్ అంటే పొరలు అతికించినది, ప్లైవుడ్ లాగా. నాదంలో సాలిడ్‌కే మార్కులు. కానీ వారం వారం బస్సులో తిరిగి, రేకుల షెడ్డు కింద భజన చేసే బేస్‌కి నేను లామినేట్‌కే ఓటు వేస్తా. పైగా మనం ఎలాగూ పికప్ మీదే వినిపిస్తాం. సాలిడ్ కొన్నవాళ్లు కేస్‌లోనే ఉంచండి. ఒక చిన్న సోపు డబ్బాకి చిల్లులు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో వేసి కేస్‌లో పెట్టండి, నీళ్లు మాత్రం కారకూడదు. ఏసీ గదిలో గాలి ఎండిపోతుంది. వాటర్ కూలర్ తేమ పెంచుతుంది, కానీ దాని గాలి నేరుగా బేస్ మీదకి కొట్టకుండా చూడండి. కారులో మధ్యాహ్నం వదిలేస్తే మాత్రం ఏ చెక్కకీ గ్యారంటీ లేదు, జిగురు కరిగి బ్రిడ్జి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

"గుడిలో గిటారేంటి?"

ఈ ప్రశ్న నన్నూ అడిగారు. అడిగింది కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే. కాబట్టి నేనూ వెతికి చదివా.

వయొలిన్ మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇప్పుడు వయొలిన్ లేని కచేరీ ఊహించలేం. మనం గుడిలో పుట్టిందన్నట్టు చూసే హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది, ఆ నిషేధం సడలింది 1971లో. రేడియో తలుపు మూసిన ఆ ముప్పై ఏళ్లూ మా ఊరి రాముల గుడిలో అది మోగుతూనే ఉండి ఉంటుంది.

నాకు అందరికంటే దగ్గరగా అనిపించింది మాండలిన్ శ్రీనివాస్ గారి కథ. పాలకొల్లులో 1969లో పుట్టారు. మాండలిన్ చిన్నది, పైగా మామూలు మాండలిన్‌లో తీగ మీటిన వెంటనే నాదం ఆగిపోతుంది. మన గమకానికి నాదం నిలవాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. జంటలు జంటలుగా ఉండే ఎనిమిది తీగల బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేశారు. 2014లో వెళ్లిపోయేదాకా ఆ చిన్న ఎలక్ట్రిక్ వాద్యంలోనే త్యాగరాజ కీర్తనలు వాయించారు. ఎవరికైనా అనుమానం ఉంటే ఆయన రికార్డింగ్ ఒకటి వినమని చెప్తా, వాదించను. ఆయన వాద్యానికి తగ్గట్టు పాటని మార్చలేదు, పాటకి తగ్గట్టు వాద్యాన్ని మార్చుకున్నారు. బేస్ కొనేటప్పుడు మీకు ఉపయోగపడేది ఆ పద్ధతే.

పక్కనే మంత్రాలయం ఉంది. రాఘవేంద్ర స్వామి పూర్వాశ్రమంలో వీణ బాగా వాయించేవారని చెప్పుకుంటాం. మా గుడి పూజారి గారు నా బేస్ మెట్లు చూసి "వీణకి మేనల్లుడిలా ఉందే" అని నవ్వి, కుంకుమ బొట్టు పెట్టారు. మా దగ్గర విషయం అక్కడితో తేలిపోయింది. మీ గుడిలో పెద్దవాళ్లు వద్దంటే మాత్రం గొడవ పెట్టుకోకండి, ఇంట్లో భజనకి వాడుకోండి.

రెండోసారి ఎలా కొన్నా

రెండోసారి డబ్బులు తీసే ముందు నేను మా గుడి చాప మీద నాకు దొరికే చోటు టేపుతో కొలిచా. మోకాలి నుంచి మోకాలికి రెండున్నర అడుగులు. నవ్వొస్తుందేమో కానీ అదే నా స్పెసిఫికేషన్. అప్పటిదాకా చూసిన లిస్టులో సగం అక్కడే పోయాయి. మిగిలినవాటిలో పైన చెప్పిన రెండు స్వరాల పరీక్ష పెట్టా. ఒక షాపులో ఖరీదైన పీసులో ఈ తీగ నాలుగో ఫ్రెట్ మూగగా ఉంది, దానికంటే తక్కువ ధరదాంట్లో నిండుగా పలికింది. లామినేట్, ఫ్రెట్లు ఉన్నది, లోపల ప్రీఆంప్. కొనేశా. బస్సులో ఈసారి ఒడిలో పెట్టుకుని నిద్రపోయా.

గుడిలో మొదటి రోజు ఎక్కడ కూర్చోవాలో నేనే తేల్చుకున్నా. వెనక వరసలో, పెద్దాయన పక్కన. ఆంప్ ఆయన మోకాలి దగ్గర నేల మీద పెట్టా. ఏమీ చెప్పలేదు. గణపతి ప్రార్థన అయ్యాక ఒకటిన్నరలో సా పట్టుకుని, నెమ్మదిగా, తాళానికి ఒకసారి మీటుతూ కూర్చున్నా. మూడో భజన దాకా ఆయన తాళాలు మాత్రమే వేశాడు. తర్వాత తాళాలు ఆపి, అరచెయ్యి చాప మీద పెట్టాడు. కాసేపు అలాగే ఉన్నాడు. మెల్లగా నా వైపు వంగి "ఇది ఇనపడ్తాంది రా" అన్నాడు.

ఆ రోజు ఆయన పాడలేదు. రెండు వారాల తర్వాత ఎత్తుకున్నాడు. మధ్యలో ఒకచోట జారాడు, సా దగ్గర మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అన్ని రోజులూ కుదరదు. తాళాలు మరీ గట్టిగా ఉన్న రోజు ఇప్పటికీ తప్పుతుంది, అప్పుడు నేను కొంచెం గట్టిగా మీటుతా. చెవి డాక్టర్‌కి చూపించుకోమని కూడా వెంటబడుతున్నాం, బేస్ దానికి బదులు కాదు.

పోయిన వారం భజన అయ్యాక హార్మోనియం మూత పెడుతూ, ఒకటిన్నర కొంచెం పైకి అనిపిస్తోంది, ఒకటికి దించుదామా అని అడిగాడు. అంటే ఈ శనివారం నుంచి నా వేళ్లు నాలుగో ఫ్రెట్ నుంచి మూడుకి జరగాలి. ఏ తీగ మూడు మీద సా, ఈ తీగ మూడు మీద పా. నిన్న రాత్రి వాయించి చూశా, రెండూ బాగానే పలుకుతున్నాయి.